పిల్లల ఉబ్బసం – అదుపును, జీవన నాణ్యతను కొలవడం ఎలా?

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల పండుగనాడు పాఠశాల ఘనతను కీర్తించడం సంప్రదాయం. ఆ పని నాకంటె సమర్థులైన వక్తలు చేశారు. పిల్లల వైద్యుణ్ణి కనుక, ఈ బడి ఆటస్థలంలో నేను చూచి కూడా చూడని ఒక విషయాన్ని గురించి మాట్లాడటానికి అనుమతి కోరుతున్నాను.

మా తరగతిలో ఒక మిత్రుడుండేవాడు. సాయంకాలం ఆటల గంట కొట్టగానే మేమందరం చెప్పులు విడిచి మైదానంలోనికి పరుగెత్తేవాళ్లం. అతడు మాత్రం వేపచెట్టు క్రింద కూర్చుని మా చెప్పులకు కాపలా కాసేవాడు. మేము అతణ్ణి సోమరి అనుకున్నాము. పెద్దలు నీరసపు పిల్లవాడనుకున్నారు. వానకాలంలో వారానికి రెండు మూడు రోజులు బడికి వచ్చేవాడు కాదు. వచ్చిన రోజున తరగతిలో తూగేవాడు, దెబ్బలు తినేవాడు. చాలా ఏండ్ల తరువాత, నేను వైద్యుణ్ణయిన పిమ్మట, అతణ్ణి కలుసుకున్నాను. రాత్రులు ఊపిరి ఆడక మంచం మీద కూర్చుని తెల్లవార్చేవాడినని అప్పుడు చెప్పాడు. "ఆ రోజుల్లో ఎందుకు చెప్పలేదురా?" అన్నాను. "ఎవరడిగార్రా? బాగున్నావా అనేవారు, బాగున్నాననేవాణ్ణి" అన్నాడు.

నేటి నా ప్రసంగమంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానం. ఉబ్బసమున్న పిల్లవాడిని ఏమి అడగాలి, ఎలా అడగాలి, ఏ భాషలో అడగాలి, అతడు చెప్పినదానిని ఎలా లెక్కకట్టాలి అన్నదే నా విషయం.

ఉబ్బసమంటే ఊపిరితిత్తులలోనికి గాలిని కొనిపోయే సన్నని గొట్టాల లోపలి పొర దీర్ఘకాలం వాచి ఉండటం. వాచిన గొట్టం అతి సున్నితమవుతుంది. దుమ్ము, పొగ, చలిగాలి, జలుబు, పరుగు, ఒక్కొక్కప్పుడు పెద్ద నవ్వు కూడా దానిని ముడుచుకొనిపోయేట్లు చేస్తాయి. అప్పుడు గాలి ఇరుకుదారిన పోతూ ఈలవేస్తుంది. దానినే మన ఇండ్లలో పిల్లికూతలంటారు. గొట్టాలు మరల విచ్చుకోగానే పిల్లవాడు మామూలుగా కనిపిస్తాడు. రాకపోకలు చేసే ఈ స్వభావమే ఉబ్బసాన్ని కొలవడంలోని మొదటి కష్టం. ఉదయం పదకొండు గంటలకు వైద్యుని ఎదుట కూర్చున్న పిల్లవాడు, తెల్లవారుజామున మూడు గంటలకు మంచం మీద రొప్పుతున్న పిల్లవాడు ఒక్కడే. వైద్యుడు చూచేది మొదటివాణ్ణి మాత్రమే.

మన ఊరి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పడమటి కనుమల పాదాన ఉన్న ఊరు. నైరుతి ఋతుపవనం కనుమల సందుల నుండి చల్లని గాలిని ఈ లోయలోనికి తోస్తుంది. ఏలకులు, కాఫీ కొండ దిగి మన అంగళ్లకు వస్తాయి. బూరుగు దూది పని, దిండ్లు, పరుపులు కుట్టే పని మన వీథులలో ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. ఆ పనిని నేను నిందించడం లేదు. కాని దూదిని ఏకేటప్పుడు లేచే నూగు, ధూళి సున్నితమైన గొట్టాలను రేపగలవు. ఏండ్ల తరబడి ఎండ సోకని దిండులోను, పరుపులోను కంటికి కనిపించని ధూళి పురుగులు పెరుగుతాయి. ఇంటి దుమ్ములో ఉబ్బసాన్ని రేపే ముఖ్యమైన వస్తువు ఆ పురుగులేనని 1960లలో హాలండులోని లైడెన్ నగర శాస్త్రజ్ఞులు నిరూపించారు. వీటికి తోడు కట్టెల పొయ్యి పొగ, దోమల చుట్ట పొగ, ఇంట్లోవారి బీడీ సిగరెట్ల పొగ, దీపావళి మందుగుండు పొగ ఉండనే ఉన్నాయి.

కొలవబోయే ముందు, కొలుస్తున్నది ఉబ్బసమేనా అని నిశ్చయించుకోవాలి. పిల్లికూతలన్నీ ఉబ్బసం కావు. ఇందుకు తెలుగునాటి చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉన్నది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయంలో పనిచేసిన ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే వైద్యులు, క్షయలాగా కనిపిస్తూ క్షయ కాని ఒక వ్యాధిని 1940లో వర్ణించారు. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా పెరగడం దాని లక్షణాలు. తరువాతి కాలంలో దానికి ట్రాపికల్ ఇసినోఫీలియా అనే పేరు స్థిరపడింది. బోదకాలు కలిగించే పురుగుల పట్ల శరీరం చూపే ప్రతిక్రియ అది. దానికి మందయిన డైఇథైల్ కార్బమజైన్, 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా ఉన్న అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుండి 1947లో వెలువడింది. ఈ వ్యాధిని ఉబ్బసమని భ్రమపడితే ఎన్ని ఉబ్బసపు మందులు వాడినా గుణం కనిపించదు. క్షయ, మింగిన గింజ గొట్టంలో ఇరుక్కొనడం, గుండె జబ్బులు కూడ ఇటువంటి భ్రమనే కలిగించవచ్చు. కనుక రోగనిర్ణయం వైద్యునిది. మనం నేడు మాట్లాడుకొనేది ఆ తరువాతి మెట్టును గురించి.

వైద్యులు మొదట కొలిచినది గాలిని. 1950లలో బ్రిటన్‌లో బి.ఎం. రైట్ అనే శాస్త్రజ్ఞుడు పీక్ ఫ్లో మీటర్‌ను రూపొందించారు. నిండా ఊపిరి పీల్చి, ఒక్క ఉదుటున ఊదితే ఎంత వేగంగా గాలి బయటకు వచ్చిందో ముల్లు చూపుతుంది. పిల్లవాడు ఆరోగ్యంగా ఉన్నప్పటి ఉత్తమ సంఖ్యను గుర్తు పెట్టుకుని, అందులో 80 శాతానికి పైన ఉంటే నిశ్చింత అనీ, 50కి 80కి నడుమ ఉంటే జాగ్రత్త అనీ, 50కి దిగితే ప్రమాదమనీ లెక్క. ఇది చాలా ఉపయోగపడే సాధనం. అయితే అయిదారేండ్లలోపు పిల్లలు సరిగా ఊదలేరు. ఊదగలిగిన పిల్లలలో కూడా, రాత్రంతా బాధపడినవాడు పగలు చక్కని సంఖ్య చూపవచ్చు. గాలి వేగం ఎంతో ఆ గొట్టం చెబుతుంది. ఆ పిల్లవాడు ఆటలో చేరాడా, రాత్రి నిద్రపోయాడా అన్నది చెప్పదు.

అందుచేత రెండవ కొలత అవసరమయింది. దానికి అదుపు అని పేరు. 1993లో ఏర్పడిన గైనా అనే అంతర్జాతీయ ఉబ్బస సంస్థ దీనిని నాలుగు ప్రశ్నలకు కుదించింది. గడచిన నాలుగు వారాలలో పగటివేళ బాధ వారానికి రెండుసార్లకు మించి వచ్చిందా? ఉబ్బసం వలన ఒక్క రాత్రి అయినా మెలకువ వచ్చిందా? తక్షణోపశమనపు మందు వారానికి రెండుసార్లకు మించి అవసరమయిందా? ఉబ్బసం వలన ఆట, పని ఏదయినా తగ్గిందా? నాలుగింటికీ కాదు అని సమాధానం వస్తే ఉబ్బసం అదుపులో ఉన్నట్లు. ఒకటి రెండింటికి అవునంటే పాక్షికంగా అదుపు. మూడు నాలుగింటికి అవునంటే అదుపు తప్పినట్లు. ఆరేండ్లు, ఆపైబడినవారికి ఈ లెక్క. అయిదేండ్లు, అంతకు లోపు పసివారికి పగటి బాధ, మందు వాడకం వారానికి ఒక్కసారిని మించినా లెక్కలోనికి వస్తాయి.

నాలుగేండ్ల నుండి పదకొండేండ్ల వరకు గల పిల్లల కొరకు 2007లో అమెరికాలో మరొక ప్రశ్నావళి వెలువడింది. అందులో ఏడు ప్రశ్నలు. మొదటి నాలుగింటికి సమాధానం చెప్పవలసినది పిల్లవాడే. ఏడుపు ముఖం నుండి నవ్వు ముఖం వరకు నాలుగు బొమ్మలుంటాయి, వాడు వ్రేలితో చూపితే చాలు. చివరి మూడు ప్రశ్నలు తల్లికో తండ్రికో. మొత్తం 27 మార్కులు. 19 లేక అంతకు తక్కువ వస్తే ఉబ్బసం సరిగా అదుపులో లేదని అర్థం. చదువురాని బిడ్డను కూడ సాక్షిగా నిలబెట్టి వాడి మాటకు మార్కులు వేయడం ఇందులోని గొప్పతనం.

ఇంతటితో ఆగవచ్చునా? కెనడా దేశంలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ జూనిపర్, ఆమె సహచరులు ఆగరాదన్నారు. వారు 1996లో పిల్లల ఉబ్బస జీవన నాణ్యతా ప్రశ్నావళిని ప్రకటించారు. ఏడేండ్ల నుండి పదిహేడేండ్ల వరకు గల పిల్లల కొరకు 23 ప్రశ్నలు. పది ప్రశ్నలు శరీర బాధను గురించి, అయిదు పనులకు ఆటలకు కలిగే ఆటంకాన్ని గురించి, ఎనిమిది మనసును గురించి. భయం, కోపం, తోటివారితో సమానం కాలేకపోయానన్న చింత, ఇవన్నీ ఆ ఎనిమిదింటిలో చేరతాయి. ప్రతి ప్రశ్నకు ఒకటి నుండి ఏడు వరకు మెట్లు, ఏడు అంటే ఏ బాధా లేదని. సగటున అర మెట్టు మారితే, ఆ మార్పు పిల్లవాడి అనుభవానికి వచ్చేటంతటిదని వారు తేల్చారు.

ఈ ప్రశ్నావళిలో నాకెంతో నచ్చిన అంశం ఒకటి ఉన్నది. ఆటంకాలను గురించిన అయిదు ప్రశ్నలలో మూడింటికి విషయాన్ని పిల్లవాడే ఎన్నుకుంటాడు. కెనడా బాలుడు మంచు మీద ఆటను చెప్పవచ్చు. మన బిడ్డ కబడ్డీ అనవచ్చు, జాతరలో దేవదుందుభి వెంట ఆడటమనవచ్చు, తాతగారితో కొండ ఎక్కడమనవచ్చు. ఏది పోగొట్టుకున్నాడో వాడే చెప్పాలి. నా మిత్రుణ్ణి ఆనాడు ఈ ప్రశ్న అడిగి ఉంటే ఏమనేవాడో మీకు తెలుసు.

తల్లిదండ్రులకు నా మనవి. బిడ్డ సంగతి కన్నవారికంటె ఎవరికి తెలుస్తుందని మనమనుకుంటాము. కాని తల్లిదండ్రుల అంచనా, పిల్లల అనుభవం అన్నిసార్లు ఏకీభవించవని ఆ శాస్త్రజ్ఞుల పరిశోధనలలోనే బయటపడింది. తల్లి దగ్గును వింటుంది, పిల్లికూతలను వింటుంది. బడిలో జరిగిన అవమానం ఆమెకు వినిపించదు. పిల్లలు మరొక తెలివితేట కూడ చూపుతారు. పరుగెత్తితే ఆయాసం వస్తుందని తెలిసిన బిడ్డ పరుగెత్తడమే మానివేస్తాడు. అప్పుడు ఆయాసం రాదు. "మా వాడికి ఇప్పుడు ఏమీ లేదండీ" అని తల్లి సంతోషిస్తుంది. కనుక "ఆయాసం వచ్చిందా?" అని అడిగి ఊరుకోరాదు. "నిన్న ఏమి ఆడావు? ఎంతసేపు ఆడావు? ఎందుకు మానివేశావు?" అని అడగాలి.

ఇక భాష. ఇది తెలుగు బడి కనుక ఈ మాట ఇక్కడే చెప్పాలి. తెలుగులో ఆయాసమంటే అలసట, ఊపిరాడకపోవడం, రెండునూ. బిడ్డ "ఆయాసంగా ఉందండీ" అంటే ఉపాధ్యాయుడు అలసిపోయాడనుకొని "కాసేపు కూర్చో" అంటాడు. ఆసుపత్రిలో తమిళంలో ఇళైప్పు అంటారు. ఆ మాటకు ఊపిరి బాధ అనీ, బడలిక అనీ, చిక్కిపోవడమనీ అర్థాలున్నాయి. ఇంట తెలుగు, వీథిలో తమిళం మాట్లాడే మన బిడ్డ ఈ రెండు మాటల నడుమ తన బాధను జారవిడుచుకుంటాడు. ఈ చిక్కు మనకు మాత్రమే కాదు. 1991లో ఆరంభమైన ఐసాక్ అనే అంతర్జాతీయ బాలల ఉబ్బస సర్వేలో, పిల్లికూతలకు అన్ని భాషలలోను సరితూగే మాట దొరకదని గ్రహించి, పదమూడు పదునాలుగేండ్ల పిల్లలకు ఊపిరాడక బాధపడుతున్నవారి వీడియో దృశ్యాలు చూపి, "నీకు ఇలా అయిందా?" అని అడిగే పద్ధతిని కూడ ఉపయోగించారు. ఒక ప్రశ్నావళిని మరొక భాషలోనికి తెచ్చేటప్పుడు ఇద్దరు వేరువేరుగా అనువదించి, మూడవవారు దానిని తిరిగి మూలభాషలోనికి మార్చి, చివరకు పిల్లలకే చదివి వినిపించి వారికి ఏమి అర్థమయిందో తెలుసుకొనడం శాస్త్రీయమైన విధానం. మాట తప్పితే లెక్క తప్పుతుంది. మన ఉపాధ్యాయులు బిడ్డతో, "ఛాతీ బిగిసినట్లుందా? పిల్లికూతలు వస్తున్నాయా? రాత్రి లేచి కూర్చున్నావా?" అని ఇంటి తెలుగులో అడిగితే, అది ఏ యంత్రానికీ తీసిపోని పరీక్ష.

కొలత వలన మరొక ప్రయోజనం, మందుల మంచిచెడ్డలు తేల్చుకొనగలగడం. మృగశిర కార్తె ప్రవేశించేనాడు హైదరాబాదులో బత్తిన కుటుంబంవారు ఇచ్చే చేప ప్రసాదం కొరకు వేలాదిమంది ఉబ్బస రోగులు చేరడం మీకు తెలుసు. తమ కుటుంబం 1845 నుండి దీనిని ఉచితంగా ఇస్తున్నదని వారు చెబుతారు. పిల్లలనెత్తుకొని దూరప్రయాణం చేసే తల్లుల ఆరాటాన్ని నేను పరిహసించను. నేను అడిగేది ఒక్కటే. తగ్గింది అన్నప్పుడు ఏమి తగ్గింది? ఎంత తగ్గింది? ఎన్నాళ్లు? ఉబ్బసం ఋతువును బట్టి హెచ్చుతగ్గులవుతుంది. చాలామంది పిల్లలకు యౌవనం వచ్చేసరికి తనంతట తానే నెమ్మదిస్తుంది. ముందు ఎన్ని రాత్రులు నిద్ర చెడింది, తరువాత ఎన్ని రాత్రులు చెడింది అన్న లెక్క లేనప్పుడు, ఏ మందు పని చేసిందో, ఏ మందు చేయలేదో చెప్పలేము. ఈ ప్రశ్న నేను వ్రాసిచ్చే మందుకు కూడ వర్తిస్తుంది. మీ వైద్యుని కూడ ఇదే ప్రశ్న అడగండి.

చికిత్సను గురించి నాలుగు మాటలు. ఇన్‌హేలర్ అలవాటయిపోతుందనే భయం ఇంటింటా ఉన్నది. అది మత్తుమందు వంటిది కాదు. ఇందులో రెండు రకాలున్నవి. సాల్బుటమాల్ వంటిది ముడుచుకొన్న గొట్టాన్ని తాత్కాలికంగా విప్పుతుంది. పీల్చే స్టెరాయిడు మందు లోపలి వాపును తగ్గించి వ్యాధిని అదుపులో ఉంచుతుంది. వాపును తగ్గించకుండా విప్పుతూ పోవడం ప్రమాదకరం. అందుకే 2019 నుండి గైనా సంస్థ పెద్దవారికి, పన్నెండేండ్లు నిండిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చే పద్ధతి వలదన్నది. పీల్చే స్టెరాయిడు వలన పిల్లల ఎదుగుదల కొద్దిగా తగ్గవచ్చునన్న మాట నిజమే. 2012లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో, బాల్యంలో ఏండ్ల తరబడి వాడినవారి పెద్దనాటి ఎత్తు సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువగా ఉన్నది. దీనిని దాచకుండా చెప్పి, మరొక త్రాసులో బిడ్డ ఊపిరిని పెట్టి తూచాలి. ప్రపంచ వ్యాధి భారం 2019 అంచనాల ప్రకారం, లోకంలోని ఉబ్బస రోగులలో సుమారు 13 శాతం మన దేశంలో ఉండగా, ఉబ్బస మరణాలలో సుమారు 42 శాతం మన దేశంలోనే సంభవించాయి. ఆ రెండు సంఖ్యల మధ్య ఉన్న అగాధంలో అందని మందు, వాడని మందు, అడగని ప్రశ్న ఉన్నాయి.

అమ్మలకు ఒక సులువైన కొలత చెబుతాను. సాల్బుటమాల్ డబ్బా ఒక్కొక్కటి సాధారణంగా 200 మోతాదులది. ఏడాదికి మూడు, అంతకు మించి డబ్బాలు ఖర్చయితే బిడ్డకు తీవ్రమైన దాడి వచ్చే ప్రమాదం పెరుగుతున్నదని తెలుసుకోండి. నెలకొక డబ్బా ఖర్చవుతుంటే అది ప్రాణాపాయపు హెచ్చరిక. డబ్బా కొన్న తేదీని దాని మీదనే వ్రాసి ఉంచండి. చిన్నపిల్లలకు స్పేసర్ లేకుండా మందు లోపలికి సరిగా చేరదు. అది కొనలేనివారు దిగులుపడనక్కరలేదు. అర లీటరు శీతల పానీయపు సీసా అడుగున రంధ్రం చేసి, ఇన్‌హేలర్‌ను గాలి పోకుండా బిగిస్తే దాదాపు అంతే గుణమిస్తుందని దక్షిణాఫ్రికా వైద్యులు 1999లో చూపారు. చేసే విధానాన్ని వైద్యుని వద్ద చూచి నేర్చుకోండి.

ఇక ఈ పాఠశాలకు నా విన్నపం. జూబిలీ గుర్తుగా భవనాలు కట్టండి, శిలాఫలకాలు నిలపండి. వాటితో పాటు ప్రతి తరగతి గదిలో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. ఉబ్బసమున్న బిడ్డ పేరు ఎదుట నెలకొకసారి నాలుగే వ్రాయండి: ఎన్ని రోజులు బడికి రాలేదు, ఎన్ని రాత్రులు నిద్ర లేదు, ఎన్నిసార్లు మందు పీల్చాడు, ఆటల గంటలో ఏమి చేశాడు. ఆ పుస్తకం నలుగురి ముందు చదవవలసినది కాదు, బిడ్డ తల్లిదండ్రులకు చూపవలసినది. వారు దానిని వైద్యునికి చూపుతారు. ఉదయం పదకొండు గంటల పిల్లవాణ్ణి మాత్రమే చూచే వైద్యునికి నెల రోజుల పిల్లవాడు కనబడతాడు.

ఒక హెచ్చరిక కూడ గుర్తుంచుకోండి. బిడ్డ ఒక్క వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, డొక్కలు ఎగరవేస్తున్నా, పెదవులు నీలమైనా, మగతగా ఉన్నా అది ప్రశ్నావళి వేళ కాదు. పడుకోబెట్టక కూర్చోబెట్టి, వైద్యుడు వ్రాసిచ్చిన ప్రకారం మందు పీల్పిస్తూ, క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపొండి.

ముగిస్తున్నాను. శతాబ్దాల క్రిందట మన పెద్దలు ఈ దక్షిణ సీమకు వచ్చి, చుట్టూ తమిళం వినిపిస్తున్నా ఇంట తెలుగును నిలుపుకున్నారు. ఆ భాషను పద్యానికి, పాటకు, పెండ్లి పత్రికకు మాత్రమే దాచుకొనవద్దు. ఒక బిడ్డ తన ఊపిరి బాధను చెప్పుకొనడానికి కూడ అది పనికిరావాలి.

ఈ సాయంకాలం మీరు ఇళ్లకు వెళ్లేటప్పుడు ఆటస్థలం ప్రక్కగా నడవండి. ఆడుతున్నవారిని చూచి ఆనందించండి. తరువాత చెట్టు క్రిందకు చూడండి. అక్కడ ఎవరైనా చెప్పులకు కాపలా కూర్చుని ఉంటే, బాగున్నావా అని అడిగి సాగిపోవద్దు. ప్రక్కన కూర్చుని, "రాత్రి నిద్ర పట్టిందా నాయనా?" అని అడగండి.